మావయ్య ఎడమ భుజం

మా మావయ్య ఇళ్ళకి రంగులు వేసేవాడు. పగలంతా నిచ్చెన మీద, సాయంత్రం కరాటే హాల్లో. పని నుంచి రాగానే చేతులకంటిన రంగు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుని, సబ్బుతో రుద్ది కడుక్కుని, తెల్ల బట్టలు తొడుక్కుని నల్ల బెల్టు బిగించేవాడు. ఎంత రుద్దినా ఆ రోజు ఎవరింటికి ఏ రంగు పడిందో ఆయన గోళ్ళు చెప్పేసేవి. రెండింట్లో ఏది అసలు పని, ఏది కొసరు అని ఎవరైనా అడిగితే మా అత్తయ్య అందుకుని, "రంగులు తిండి పెడతాయి, కరాటే ఆ తిండి అరిగిస్తుంది" అనేది.

మేనకోడల్ని కాబట్టి ఆయన గురించి రాస్తున్నానని అనుకోకండి. మేనమామలు అందరికీ ఉంటారు. నాకు మనుషుల మీద అంత తొందరగా గౌరవం పుట్టదు, మా ఇంట్లో ఎవర్నడిగినా చెప్తారు. కానీ తన తప్పు నలుగురిలో బయటపడిన రోజున మావయ్య చేసిన పని నేను దగ్గరుండి చూశాను. అప్పటి నుంచి ఎవరైనా "మా గురువుగారు మహానుభావుడు" అంటే, సరే, ఆయన తప్పు పట్టుబడినప్పుడు ఏం చేశాడో చెప్పండి అని అడగడం నాకు అలవాటైపోయింది.

మా హాలంటే రంగుల దుకాణం మీద ఉన్న పొడవాటి గది. కింద టర్పెంటైను డబ్బా మూత తీస్తే పైన మాకు కళ్ళు మండేవి. ఎవరింట్లో ఏ రంగు మిగిలినా మావయ్య తెచ్చి ఆ గోడలకి పూసేవాడు. ఒక గోడ పిస్తా రంగు, ఇంకో గోడ ఇటుక రంగు, తలుపు నీలం. కొత్తగా వచ్చినవాళ్ళు ఇది హాలా, రంగుల షాపువాడి శాంపిల్ కార్డా అని నవ్వేవాళ్ళు. కూర్చోడానికి బోర్లించిన ఖాళీ డబ్బాలు ఉండేవి. అన్నీ ఉన్నాయి గానీ అద్దం ఒక్కటీ లేదు. కరాటే హాళ్ళలో గోడ నిండా అద్దాలు పెడతారట కదా, మనమూ పెట్టుకుందామని నేను అడిగితే మావయ్య కొట్టిపారేశాడు.

"ముంజేతి కంకణానికి అద్దమెందుకే? చెయ్యి పైకి లేచిందో లేదో చేతికి తెలీదూ?"

కాబట్టి మాకు ఆయన వీపే అద్దం. ముందు ఆయన మాకు వీపు పెట్టి నిలబడేవాడు, వెనక మేం వరసల్లో. ఆయన ఎలా కదిలితే మేం అలా. కటా అంటే తెలుసు కదా, ఎదురుగా ఎవరూ లేకపోయినా ఉన్నట్టే ఊహించుకుని చేసే అడుగులు, దెబ్బలు, అడ్డుకోవడాలు, అన్నీ ఒక వరసలో. ఆ వరస ఏళ్ళ తరబడి ఆయన వీపు చూసే నేర్చుకున్నాం. ఆయనకి నేర్పినవాడు ఒక ఓడ మెకానిక్కు. కొన్నేళ్ళు మా ఊళ్ళో ఉండి, మావయ్య కుర్రాడిగా ఉన్నప్పుడే విద్య అంటించి, నల్ల బెల్టు కట్టించి, బదిలీ మీద ఎటో వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మావయ్యని సరిచేసే నాథుడు లేడు.

క్లాసు మధ్యలో ఊపిరి తీసుకోడానికి కూర్చున్నప్పుడు మావయ్య కరాటే మూలపురుషుల కథలు చెప్పేవాడు. కథలంటే ఆయనకి పిచ్చి, ముఖ్యంగా ఆ మనుషులు ఏం పని చేసి బతికారన్న దాని మీద.

"వీళ్ళంతా ఆకాశం నుంచి ఊడిపడ్డారనుకుంటున్నారా? మనలాంటివాళ్ళే. కరాటేలో మన శైలి షోటోకాన్ కదా, అది మొదలుపెట్టినాయన బడిపంతులు. కవిత్వం రాసుకునేవాడు. పైన్ చెట్ల మీద గాలి కొడితే అల లేచినట్టు చప్పుడొస్తుందే, ఆ అర్థం వచ్చే కలం పేరు పెట్టుకున్నాడు. శిష్యులు హాలు కట్టి దానికి ఆ పేరు పెడితే, అదే మన శైలికీ పేరైపోయింది. తన విద్యకి ఆయన విడిగా పేరేం పెట్టుకోలేదు."

షిటోర్యు అనే ఇంకో శైలి పెట్టినాయన పోలీసట. ఇద్దరు గురువుల దగ్గర నేర్చుకుని, ఆ ఇద్దరి పేర్లలో మొదటి అక్షరాలు తీసి కలిపి తన శైలికి పెట్టాడు. వాడోర్యు ఆయన కొన్నాళ్ళు బ్యాంకులో పనిచేశాడు. చిన్నప్పటి నుంచి జుజుత్సు వచ్చినవాడు, దాన్ని కరాటేతో కలిపాడు. గోజుర్యు ఆయన డబ్బున్న వర్తకుల ఇంటి బిడ్డ. ఆయన శిష్యుడొకణ్ణి ఏదో ప్రదర్శనలో "మీది ఏ స్టైలు?" అని అడిగితే పాపం నీళ్ళు నమిలాడని, తిరిగొచ్చి గురువుకి చెప్పుకున్నాక ఆయన గట్టిదనం, మెత్తదనం అనే రెండు మాటలు కలిపి పేరు పెట్టాడని అంటారు. ఈ కథ దగ్గర మావయ్య ప్రతిసారీ నవ్వేవాడు. "చూశారా, అడిగేదాకా పేరు లేదు. పని ముందు, పేరు వెనక."

ఈ కథలన్నీ మాకంటే శ్రద్ధగా విన్నవాడు మా లెక్కల మేష్టారు. హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. నడుం నొప్పి తగ్గుతుందని ఎవరో చెబితే నలభై దాటాక కరాటేలో చేరాడు. నొప్పి తగ్గిందో లేదో గానీ విద్య మాత్రం ఒంటబట్టింది. హాల్లో ఆయన మావయ్యని "మాస్టారూ" అనేవాడు, మావయ్య ఆయన్ని "మేష్టారూ" అనేవాడు. ఇద్దరిలో ఎవరికి ఎవరు పాఠం చెప్తున్నారో కొత్తవాళ్ళకి అర్థమయ్యేది కాదు.

ఇక అసలు సంగతి. ముఖం మీదికొచ్చే దెబ్బని చెయ్యి పైకెత్తి ఆపే బ్లాక్ ఒకటుంది. మొదటి కటాలోనే వస్తుంది, చిన్నపిల్లలకి కూడా నేర్పుతారు. కుడిచేత్తో చేసేటప్పుడు మేం అందరిలాగే చేసేవాళ్ళం. ఎడమచేత్తో చేసేటప్పుడు మాత్రం మా హాలు మొత్తానికి చెయ్యి చెవి దాకా వెళ్ళి ఆగిపోయేది, తల కుడివైపుకి ఒరిగేది. గోడకి చెవి ఆనించి పక్కింటి పోట్లాట వింటున్నట్టు పిల్లా పెద్దా అందరం ఒక్కసారిగా తల వాల్చేవాళ్ళం. అది తప్పని ఎవరికీ తోచలేదు. మావయ్య అలా చేస్తాడు, మేం అలా చేస్తాం. పైగా మేష్టారు దానికో సిద్ధాంతం కూడా తయారుచేశాడు. ఇటుక రంగు గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, "దెబ్బ వచ్చే దారి సరళరేఖ. తల కాస్త పక్కకి తప్పిస్తే చెయ్యి అంత పైకి లేపే అవసరమే లేదు. సగం శ్రమ ఆదా" అని పిల్లలకి వివరించేవాడు. పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్ళు. మావయ్య కూడా విన్నాడు, కానీ ఆ సిద్ధాంతం తన తల గురించేనని ఆయనకి తెలీలేదు. తన తల నిటారుగానే ఉందని ఆయన నమ్మకం, మాకు వీపు పెట్టి ఉండేవాడు కాబట్టి మా తలలూ ఆయనకి కనపడేవి కావు.

నేనూ మేష్టారూ నల్ల బెల్టు పరీక్షకి వెళ్ళిన రోజున తెలిసింది. వేరే ఊళ్ళో పెద్ద హాలు. ఒక గోడ మొత్తం అద్దం. పరీక్ష పెట్టే మేడమ్ పొట్టి నెరిసిన జుట్టుతో, సన్నగా, గొంతు ఎప్పుడూ పెంచకుండా మాట్లాడే మనిషి. నేనప్పుడు మందుల షాపులో పనిచేస్తూ, సాయంత్రాలు వదలకుండా ఏళ్ళపాటు ఆ బెల్టు కోసం చెమటోడ్చినదాన్ని. మావయ్య శిష్యుల్లో అప్పటిదాకా ఎవరూ అంతవరకు రాలేదు. మేం నెగ్గితే ఆయన నేర్పింది నిజమైన విద్య అని పదిమందీ ఒప్పుకున్నట్టు.

మొదటి కటాయే అడిగారు. నేనూ మేష్టారూ పక్కపక్కన చేశాం. ఎడమ చెయ్యి పైకి, ఇద్దరి తలలూ కుడికి. కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ మళ్ళీ చెయ్యమంది. మళ్ళీ చేశాం, ఇంకా శ్రద్ధగా తల వాల్చి.

"మీది ఏ స్టైలమ్మా?" అని అడిగింది.

"షోటోకాన్ అండీ."

"మరి ఈ తల వాల్చడం?"

నేను నోరు తెరిచేలోపు మేష్టారు సరళరేఖ అందుకున్నాడు. మేడమ్ ఆయన్ని పూర్తిగా చెప్పనిచ్చింది. ఎగతాళి చెయ్యలేదు. ఆ తర్వాత చివర కూర్చున్న మావయ్య వైపు తిరిగి, "మాస్టారూ, మీరొకసారి చేసి చూపిస్తారా?" అంది.

మావయ్య సంతోషంగా లేచాడు. అడిగారు కదా, చూపించాలి. అద్దానికి ఎదురుగా నిలబడి, రెండడుగులు వేసి, ఎడమ చెయ్యి పైకెత్తాడు. అక్కడే ఆగిపోయాడు. అద్దంలో తల ఒరిగిన మనిషిని చూశాడు. తల నిటారుగా పెట్టాడు. అలా పెడితే చెయ్యి గడ్డం దాటలేదు. పళ్ళు బిగబట్టి మళ్ళీ లేపాడు. లేవలేదు. మేడమ్ దగ్గరికొచ్చి ఆయన మోచేయి కింద తన అరచెయ్యి పెట్టి మెల్లగా పైకి నెట్టింది. భుజం తలుపు గడియలా బిగుసుకుపోయి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"నాకు తెలీదండీ," అన్నాడు మావయ్య. "నేను పైకే లేపుతున్నాననుకున్నాను."

ఆ గొంతు విన్నాక నాకు బెల్టు సంగతే గుర్తు రాలేదు. మేమిద్దరం పరీక్ష తప్పాం. సరిదిద్దుకుని మళ్ళీ రమ్మని మేడమ్ మర్యాదగానే చెప్పింది. మర్యాదగా చెప్పడం వల్లే నాకు ఇంకా మండింది. తిట్టి ఉంటే తిరిగి ఒక మాట అనేదాన్ని.

ఇంటికొచ్చాక అత్తయ్య సంగతంతా విని, ఆశ్చర్యపడకుండా, "మీకు తెలుసనుకున్నానే" అంది. పై అరలోంచి డబ్బా తియ్యమంటే ఆయన ఎడమచేతి వాటం మనిషై ఉండి కూడా ఎప్పట్నుంచో కుడిచేత్తోనే తీస్తున్నాడట. చొక్కా తొడుక్కునేటప్పుడు ముందు ఎడమ చెయ్యి దూరుస్తాడట. పై కప్పులకి రంగు వేసే రోలరు కర్ర మొదట్లో పొట్టిది, తర్వాత పొడుగుది, ఈమధ్య ఇంకా పొడుగుది. భుజం బిగుసుకుపోయిన కొద్దీ కర్ర పెరుగుతూ వచ్చింది. కొత్త కర్ర సౌకర్యంగా ఉందని మావయ్య మురిసిపోయాడే గానీ ఎందుకు సౌకర్యంగా ఉందో ఆలోచించలేదు. మందుల షాపులో నా దగ్గర ఆయన కొనుక్కెళ్ళిన నొప్పి ఆయింట్‌మెంటు ట్యూబులు నాకూ గుర్తొచ్చాయి. రంగులు వేసేవాళ్ళందరికీ ఉండే నొప్పేలే అనుకుని ఇచ్చాను.

"గురివింద గింజకి తన నలుపు తెలీదంటారు," అన్నాడు మావయ్య. "నేను ఆ నలుపు మీ అందరికీ పూశాను."

ఆదివారం హాల్లో అందరం చేరాం. పిల్లల తల్లిదండ్రులు కూడా కొందరు వచ్చారు. ఇంతమంది పిల్లల చేత తప్పు చేయించాడా అని ఒకరిద్దరి ముఖాల్లో ప్రశ్న కనపడుతూనే ఉంది. మావయ్య హాలు మూసేస్తాడేమోనని నా భయం. అప్పుడు లెక్కల మేష్టారు లేచాడు. కోపంతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మాస్టారూ, మనం తలొంచుకోవాల్సిన పనేం లేదు. మీరే కదా చెప్పారు, అన్ని స్టైళ్ళూ ఇలాగే పుట్టాయని. పంతులు ఒకటి పెట్టాడు, పోలీసు ఒకటి పెట్టాడు. మీది ఏ స్టైలని అడిగితేనే కదా గోజుర్యుకి పేరు పుట్టింది? మనల్నీ అడిగారు. చెప్పేద్దాం. మనది వేరే స్టైలు. దానికి మీ పేరు పెడదాం. బోర్డు నేను రాయిస్తాను."

చప్పట్లు మోగాయి. నిజం చెప్తున్నాను, నాకూ మోగించాలనిపించింది. ఎంత తేలిక! తప్పు కాస్తా సంప్రదాయం అయిపోతుంది. మాకు బెల్టులొస్తాయి, ఆయనకి పరువు దక్కుతుంది, మూలపురుషుడైపోతాడు. పిల్లలప్పుడే ఆయన వైపు కొత్త కళ్ళతో చూస్తున్నారు. ఆయనకీ ఆశ పుట్టలేదని నేననను. ఏళ్ళ తరబడి ఆ మూలపురుషుల కథలు చెప్పుకున్న మనిషికి, వాళ్ళ పక్కన కుర్చీ వేస్తామంటే చేదా?

"మేష్టారూ, కూర్చోండి," అన్నాడు మావయ్య. "మీ అభిమానానికి దండం. కానీ ఒక్క సంగతి. ఆ పోలీసాయన ఇద్దరి దగ్గర నేర్చుకున్నది కలిపాడు. ఆ బ్యాంకాయనకి ముందే ఇంకో విద్య వచ్చు, దాన్నీ దీన్నీ కలిపాడు. వాళ్ళు తమకి ఉన్నదానికి పేరు పెట్టారు. మీరు నాకు లేనిదానికి పేరు పెడతామంటున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చెయ్యి లేవక స్టైలు పెట్టాడంటారు, అనాల్సిందే. ఇది కరాటే కాదు మేష్టారూ. ఇది నా భుజం."

ఆ తర్వాత పిల్లల తల్లిదండ్రుల వైపు తిరిగి, "మీ పిల్లలకి ఎడమవైపు తప్పు నేర్పాను. తెలిసి కాదు, కానీ నేర్పాను. సరిచేసేది కూడా నేనే. కొంచెం టైమివ్వండి" అన్నాడు. సంజాయిషీ అంతే. భుజం గురించి జాలిగా ఒక్క ముక్క చెప్పుకోలేదు.

మర్నాడే మేడమ్ ఊరికి బస్సెక్కాడు. ఆమె హాల్లో చేర్చుకోమని అడిగాడు. ఎందుకు, కావలసింది చూపిస్తాను, చూసి వెళ్ళండి అందట ఆమె. "చూసి నేర్చుకునే ఇక్కడిదాకా వచ్చానండీ. ఈసారి సరిచేయించుకుని నేర్చుకుంటాను" అన్నాడట. నల్ల బెల్టు సంచీలో పెట్టేసి తెల్ల బెల్టు అడిగి కట్టుకున్నాడు. అత్తయ్య ఆ తెల్ల బెల్టు ఉతుకుతూ, "పోనీలెండి, మీరు పూసుకొచ్చే సున్నం మరకలు దీని మీద కనపడవు" అంది. అని అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. కొత్తగా చేరినవాళ్ళ వరసలో చిట్టచివర, భుజాల దాకా కూడా రాని పిల్లల మధ్య మావయ్య నిలబడ్డాడు. పక్కనున్న పిల్ల ఆయన్ని చూసి, "అంకుల్, తల వంకర" అంది. "అవునమ్మా, మళ్ళీ వాలితే మళ్ళీ చెప్పు" అన్నాడు. ఆ పిల్ల ఏ మాత్రం మొహమాటపడకుండా గంటసేపూ చెప్తూనే ఉంది. నాకు ఆ పిల్ల మీద ఒళ్ళు మండిపోయింది. మావయ్యకి మాత్రం అంత మంచి గురువు ఈమధ్య దొరకనట్టుంది, వెళ్ళేటప్పుడు ఆ పిల్లకి వంగి నమస్కారం పెట్టాడు.

భుజానికి వైద్యం కూడా చేయించాడు. గోడ మీద వేళ్ళు పైకి పాకించే వ్యాయామం చెప్పారు. మా హాల్లో పిస్తా గోడ మీద ఎక్కడిదాకా వేళ్ళు వెళ్తే అక్కడ పెన్సిలుతో గీత పెట్టేవాడు. గీతలు కొంచెం పైకి వెళ్ళి ఒకచోట ఆగిపోయాయి. ఇంతకంటే రాదని డాక్టరు తేల్చేశాడు. అంటే సరైన బ్లాక్ ఎలా ఉండాలో ఆయనకిప్పుడు బాగా తెలుసు, కానీ ఆయన ఒంటితో అది చూపించలేడు. ఆ వారం ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోవడం చూశాను. చూపించలేని గురువు ఎందుకు అని ఆయన్ని తొలుస్తోందని నాకూ అత్తయ్యకీ తెలుసు. అడిగే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

ఆయనే తేల్చుకున్నాడు. హాలుకొచ్చి మా ముందు నిలబడలేదు, మా వెనక్కి వెళ్ళాడు. వెనక నుంచి ఒక్కొక్కరి దగ్గరికొచ్చి మోచేయి కింద అరచెయ్యి పెట్టి పైకి లేపేవాడు, ఇంకో చేత్తో తల నిటారుగా పట్టుకునేవాడు. "ఇక్కడ. ఇక్కడుండాలి. ఇప్పుడు తెలిసిందా?" అనేవాడు. ఏళ్ళుగా ఒంటబట్టింది వదలడం కొత్తది నేర్చుకోవడం కంటే కష్టం. మేష్టారు తల అయితే మాట వినేదే కాదు. తన సరళరేఖని తనే గోడ మీంచి తడిగుడ్డతో తుడిచేసి, "సిద్ధాంతం పోయినా అలవాటు పోదు మాస్టారూ" అని వాపోయేవాడు. పరీక్షలో ముందు నేను నెగ్గాను. ఆ తర్వాతిసారి మేష్టారూ నెగ్గాడు. మేడమ్ నాకు బెల్టు ఇచ్చి, నేరుగా మావయ్య దగ్గరికెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

నేను బెల్టు కట్టుకుని వచ్చిన మొదటి రోజున మావయ్య నన్ను అందరికంటే ముందు నిలబడమన్నాడు. వద్దన్నాను. అది ఆయన చోటు. "నిలబడవే, నీ భుజం లేస్తుంది" అన్నాడు. నిలబడ్డాను. ఆయన వెనక్కి, చివరి వరసలోకి వెళ్ళాడు. ఆ రోజే చేరిన ఒక చిన్నపాప ఆయన పక్కన ఉంది. పెద్దాయన కదా, అన్నీ ఆయనకే తెలుసనుకుని కాబోలు, నన్ను వదిలేసి ఆయన్నే చూస్తోంది. నేను ఎడమ చెయ్యి పైకెత్తాను. వెనక మావయ్య ఎత్తాడు, ఎత్తగలిగినంత. తల ఒరిగింది. పాప తలా ఒరిగింది.

మావయ్య ఆగిపోయాడు. పాప తల రెండు చేతులతో పట్టుకుని నిటారుగా పెట్టి, హాలంతా వినపడేలా అన్నాడు: "నన్ను చూడకమ్మా. ముందున్న అక్కని చూడు."

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడ్చేసేదాన్ని. ఆ పాప నన్ను చూస్తోంది కాబట్టి తల నిటారుగా పెట్టి చెయ్యి అలాగే పట్టుకున్నాను.